క్లాండన్ పార్క్: కాలిన ఇంటిని మళ్లీ కట్టాలా?

ఇంగ్లండ్‌లో సర్రే కౌంటీ, గిల్డ్‌ఫర్డ్ దగ్గరున్న క్లాండన్ పార్క్ భవనం 2015 ఏప్రిల్ 29న కాలిపోయింది. పాత రూపంలో మళ్లీ నిలబెట్టాలా, మిగిలిన గోడలనే కాపాడాలా అన్న వాదన ఆ మంటల నుంచే పుట్టింది.

ఆన్‌స్లో కుటుంబం 1641లో ఈ ఎస్టేటు కొంది. ఇప్పటి భవనాన్ని 1730ల ప్రాంతంలో రెండో లార్డ్ ఆన్‌స్లో కట్టించాడు. అతని భార్య ఎలిజబెత్ నైట్ జమైకాలో బానిసల చేత పండించిన చెరకు తోటలకు వారసురాలు. ఈ ఇంటి వైభవం గురించి మాట్లాడేవాళ్లు ఆ సంగతి దాటవేయకూడదు. డిజైన్ వెనిస్ నుంచి వచ్చిన జాకోమో లియోనీది. బయటి నుంచి చూస్తే ఎర్ర ఇటుకల పెద్ద పెట్టెలా కనిపించే ఇంట్లోకి అడుగుపెడితే రెండంతస్తుల ఎత్తున తెల్లని మార్బుల్ హాల్ ఉండేది. దాని సీలింగ్ మీద సున్నపు గచ్చుతో మలిచిన మనుషుల బొమ్మలు కాళ్లు కిందికి వేలాడేసి అంచున కూర్చున్నట్టే ఉండేవి. 1956లో ఇల్లు, చారిత్రక కట్టడాలను కాపాడే స్వచ్ఛంద సంస్థ నేషనల్ ట్రస్ట్ చేతికి వచ్చింది.

బేస్‌మెంట్‌లోని కరెంటు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో నిప్పు రాజుకుంది. లిఫ్ట్ దారి గుండా, గోడల మధ్య ఖాళీల గుండా పైకప్పు దాకా పాకింది. కప్పు, అంతస్తులు కూలిపోయాయి. ఇటుక గోడలు మాత్రం నిలిచాయి. దాదాపు చెక్కుచెదరకుండా మిగిలిన ముఖ్యమైన గది స్పీకర్స్ పార్లర్ ఒక్కటే. ఆన్‌స్లో వంశంలో ముగ్గురు బ్రిటిష్ పార్లమెంటు దిగువ సభ అయిన కామన్స్ సభకు స్పీకర్లుగా పనిచేశారు.

పునర్నిర్మాణం కోరేవాళ్లు ససెక్స్‌లోని అప్పార్క్‌ను చూపిస్తారు. అదీ ఇటుక భవనమే. 1989లో కాలింది, 1995లో పూర్వరూపంలో తెరుచుకుంది. కానీ అక్కడ మంట పైకప్పులో మొదలైంది కాబట్టి కింది గదుల్లోని సామాను చాలావరకు బయటికి తేగలిగారు. క్లాండన్‌లో మంట కింది నుంచి లేచింది. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటినీ పోల్చడం సరికాదు.

కింది అంతస్తులోని ప్రధాన గదులను పునరుద్ధరిస్తామని 2016లో ట్రస్ట్ ప్రకటించింది. 2022లో మనసు మార్చుకుంది: కొత్త కప్పు వేసి, నడకదారులు కట్టి, గచ్చు రాలిపోయి బయటపడ్డ ఇటుక పనిని జనానికి చూపిస్తామంది. మూడు వందల ఏళ్ల కిందటి మేస్త్రీల పనితనాన్ని ఇంత దగ్గరగా చూపించే ఇల్లు అరుదు కాబట్టి ఆ నిర్ణయం నాకు చాలావరకు నచ్చింది. మార్బుల్ హాల్ విషయంలో మాత్రం ఒప్పుకోలేను. 2016లో ఇచ్చిన మాటలో ఆ హాలు కూడా ఉంది.