బ్యాక్టీరియా కాంక్రీట్: జనం అనుకునేవి, అసలు జరిగేవి

నేను కాంక్రీట్ టెస్టింగ్ ల్యాబ్‌లో పనిచేస్తాను, క్యూబులు పగలగొట్టి రిపోర్ట్ రాయడం నా రోజువారీ పని. ఈ మధ్య ఇల్లు కట్టుకునేవాళ్లు వచ్చి "సార్, స్లాబ్‌లో బ్యాక్టీరియా కలిపితే పగుళ్లు వాటంతటవే పూడుకుపోతాయట కదా, ఎక్కడ దొరుకుతుంది, బస్తా ఎంత" అని అడుగుతున్నారు. వీడియోల్లో విన్నదాంట్లో నిజం కొంత ఉంది, లేనిది చాలా ఉంది, అందుకే రాస్తున్నా.

అపోహ: బ్యాక్టీరియా వేస్తే ఎం20 కాస్తా ఎం40 అయిపోతుంది.

వాస్తవం: అవ్వదు. ఎం20, ఎం40 అనేవి కాంక్రీట్ బలం గ్రేడులు, నంబర్ పెద్దదైతే బలం ఎక్కువ. బలం కొంత పెరిగే మాట నిజమే. 2005లో జాదవ్‌పూర్ యూనివర్సిటీ వాళ్లు సిమెంట్ మోర్టార్‌లో, అంటే సిమెంటు ఇసుక మాలులో, కలిపే నీళ్లకి మిల్లీలీటర్‌కి లక్ష బ్యాక్టీరియా కణాల లెక్కన వేస్తే 28 రోజుల బలం 25 శాతం పెరిగింది. మన జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో బాసిల్లస్ సబ్‌టిలిస్ జేసీ3 అనే రకంతో చేసినప్పుడు కూడా ఆ లక్ష దగ్గరే మంచి రిజల్ట్ వచ్చింది, అంతకన్నా ఎక్కువ వేస్తే లాభం తగ్గింది. లోపల జరిగేది ఏంటంటే ఈ సూక్ష్మజీవుల వల్ల కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయి పదార్థమే, సన్న రంధ్రాల్లో పేరుకుంటుంది, దాంతో కాంక్రీట్ నీళ్లు పీల్చుకోవడం తగ్గుతుంది. నా దృష్టిలో అసలు లాభం బలం కాదు, ఇదే. నీళ్లు, ఉప్పు లోపలికి పోకపోతే ఊచలు తుప్పు పట్టవు, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో బిల్డింగ్ ఎన్నేళ్లు నిలుస్తుందనేది అక్కడే తేలుతుంది. అయినా మాలు జారుగా రావాలని మేస్త్రీ ఇంకో రెండు బకెట్ల నీళ్లు పోయించాడంటే మీరు డబ్బు పెట్టి తెచ్చుకున్న బలం ఆ నీళ్లలోనే పోయినట్టు.

అపోహ: సిమెంట్ ఘాటుకి ఏ సూక్ష్మజీవీ బతకదు, ఇదంతా మోసం.

వాస్తవం: డౌట్ న్యాయమైనదే, పచ్చి కాంక్రీట్ పీహెచ్, అంటే క్షార గుణం కొలత, 12 నుంచి 13 దాకా ఉంటుంది. నెదర్లాండ్స్‌లో డెల్ఫ్ట్ యూనివర్సిటీలో హెంక్ యోంకర్స్ అనే శాస్త్రవేత్త 2006లో ఈ పని మొదలుపెట్టి క్షార గుణం తట్టుకునే బాసిల్లస్ రకాల్ని తీసుకున్నారు. ఇవి గడ్డుకాలంలో స్పోర్లుగా మారి, ఎండబెట్టిన విత్తనంలాగా ఏళ్ల తరబడి పడుంటాయి. అయితే ఉత్త స్పోర్లని నేరుగా మాలులో కలిపితే కొన్ని నెలలే బతికాయి, ఎందుకంటే సిమెంట్ గట్టిపడేకొద్దీ లోపలి రంధ్రాలు స్పోర్ సైజు కన్నా చిన్నవైపోతాయి, స్పోర్లు అక్కడే నలిగిపోతాయి. అందుకే వాటిని, వాటి తిండి కాల్షియం లాక్టేట్‌ని కాల్చిన మట్టి గుళికల్లో పెట్టారు. పగులు వచ్చి నీళ్లు దిగితే గుళికలో ఉన్నది మేల్కొని లాక్టేట్ తిని సున్నపురాయి పేరుస్తుంది. ఈ పద్ధతి చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అపోహ: ఎంత పగులైనా పూడ్చేస్తుంది.

వాస్తవం: ఆ డెల్ఫ్ట్ టెస్టులో 100 రోజులు నీళ్లలో ఉంచితే 0.46 మిల్లీమీటర్ల పగులు దాకా పూడింది, బ్యాక్టీరియా లేని ముక్కలో 0.18 దాకా దానంతటదే పూడింది. మన దేశపు కాంక్రీట్ ప్రమాణం ఐఎస్ 456 మామూలుగా ఒప్పుకునే పగులు వెడల్పు 0.3, కాబట్టి ఇది పనికొచ్చేది ఆ వెంట్రుకవాసి పగుళ్లకే. పైగా నీళ్లు, గాలి రెండూ అందాలి, హాల్లో ఎండిపోయి ఉన్న గోడలో ఏమీ జరగదు. పునాది కుంగి బీమ్‌లో ఏటవాలుగా పగులొచ్చినా, ఊచలు తుప్పు పట్టి ఉబ్బి సీలింగ్ పెచ్చులు ఊడుతున్నా దయచేసి బ్యాక్టీరియా స్ప్రే కోసం వెతకకండి, ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని పిలవండి. ఒకాయన అలాంటి సీలింగ్ ఫోటో పంపి ఏం కొట్టించమంటారు అని అడిగితే నాకు నిజంగా భయమేసింది, కింద పిల్లలు ఆడుకుంటున్నారు.

అపోహ: యూరియా, పెరుగు, బెల్లం నీళ్లు కలిపితే ఇంట్లోనే చేసుకోవచ్చు.

వాస్తవం: వద్దు. స్పోరోసార్సినా పాశ్చరీ అనే రకం యూరియాని విడగొట్టి పనిచేసే మాట నిజమే, కానీ దాంతోపాటు అమ్మోనియా వస్తుంది, ల్యాబ్‌లో లెక్కగా చేసే పని అది. బెల్లం నీళ్లయితే ఇంకా ప్రమాదం, పంచదార కొంచెం తగిలినా సిమెంట్ సెట్ అవ్వడం బాగా ఆలస్యమవుతుంది. పాతకాలం వాళ్లు బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపింది డంగు సున్నంలో, దాని పద్ధతి వేరు.

ఇవి జబ్బు చేస్తాయా అని అడుగుతారు, చేయవు, బాసిల్లస్ సబ్‌టిలిస్ మన పొలం మట్టిలో ఉండేదే. కాంక్రీట్‌ని తినేసే బ్యాక్టీరియా కూడా ఉంది, డ్రైనేజీ పైపుల్లో సల్ఫ్యూరిక్ యాసిడ్ తయారుచేసేది, అది వేరే జాతి.

ఎవరైనా పౌడర్ అమ్మడానికి వస్తే ఏ రకం, గుళికలో ఉందా ఉత్తదా, తిండి ఏం పెట్టారు అని అడగండి, బ్యాక్టీరియా వేసిన ముక్క, వేయని ముక్క పక్కపక్కన పెట్టి పగులు పూడిన రిపోర్ట్ చూపించమనండి. వాటర్ ట్యాంక్ గోడకో బేస్‌మెంట్‌కో అయితే ఆ రిపోర్ట్ నాకూ పంపండి, చూసి చెప్తా.