కే2-18బీ గొడవ 2025లో కాదు, 2019లోనే మొదలైంది

మన సౌరకుటుంబం బయట వేరే నక్షత్రం చుట్టూ తిరిగే కే2-18బీ అనే గ్రహం మీద జీవం ఉందా లేదా అని మళ్లీ రచ్చ నడుస్తోంది. కెప్లర్ టెలిస్కోప్ దాన్ని ఎలా కనిపెట్టింది, 124 కాంతి సంవత్సరాల దూరం ఎంత, ఇవన్నీ ఇప్పటికే చాలామంది రాసేశారు కాబట్టి వదిలేస్తున్నా. నాకు ముఖ్యమనిపించేది 2019 సెప్టెంబర్.

అప్పుడు హబుల్ టెలిస్కోప్ డేటా చూసి ఈ గ్రహం మీద నీటి ఆవిరి ఉందని లండన్ టీమ్ చెప్పింది, అసలు ఆ డేటా కోసం హబుల్ టైమ్ తీసుకున్న మాంట్రియల్ వాళ్లు కూడా అదే వారంలో అదే మాట చెప్పారు, ప్రపంచమంతా హెడ్‌లైన్లు. ఇంతకీ వాళ్లు చూసింది ఏంటి? గ్రహం తన నక్షత్రం ముందు నుంచి దాటేటప్పుడు వెలుగు వెయ్యిలో మూడు వంతులు తగ్గుతుంది, అంతే. అందులో మళ్లీ గ్రహం అంచు చుట్టూ ఉన్న వాతావరణం వల్ల తగ్గేది లక్షలో కొద్ది భాగాలే. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత తగ్గిందో గ్రాఫ్ మీద చుక్కలు పెట్టి, ఆ ఎత్తుపల్లాల్ని బట్టి ఫలానా గ్యాస్ ఉందని చెప్పాలి. హబుల్‌కి కనిపించింది 1.1 నుంచి 1.7 మైక్రాన్ల చిన్న ముక్క, అందులో 1.4 దగ్గర చుక్కలు కాస్త పైకి లేచాయి. నీటి ఆవిరి అక్కడే వెలుగుని పీల్చుకుంటుంది. చిక్కేంటంటే మీథేన్ కూడా అక్కడే పీల్చుకుంటుంది.

ఇది మీథేన్ అయ్యుండొచ్చని పారిస్ శాస్త్రవేత్తలు మరుసటి ఏడాదే రాశారు, అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ 0.9 నుంచి 5.2 మైక్రాన్ల దాకా చూసేసరికి మీథేన్, కార్బన్ డయాక్సైడ్ స్పష్టంగా తేలాయి, నీటి ఆవిరి మాత్రం గట్టిగా కనబడలేదు. అంటే చుక్కలు లేచింది నిజమే, వాటికి పెట్టిన పేరు తప్పు.

ఆ తప్పు దిద్దింది కేంబ్రిడ్జ్‌లో నిక్కు మధుసూదన్ టీమే, ఆ క్రెడిట్ వాళ్లకి ఇవ్వాల్సిందే. కానీ అదే 2023 పేపర్లో డైమిథైల్ సల్ఫైడ్ (డీఎంఎస్) ఉందేమో అన్న బలహీనమైన సూచన కూడా పెట్టారు, భూమ్మీద అది ముఖ్యంగా సముద్రపు సూక్ష్మజీవుల నుంచి వచ్చే గ్యాస్. 2025 ఏప్రిల్‌లో వెబ్‌లోనే ఉన్న వేరే పరికరంతో చూసి 3 సిగ్మా అన్నారు, అంటే ఇలాంటి సిగ్నల్ ఉత్తినే రావడానికి ఛాన్స్ 0.3 శాతం. ఆవిష్కరణ అనాలంటే 5 సిగ్మా కావాలని వాళ్లే చెప్పారు, దానికి వెబ్‌తో ఇంకో 16 నుంచి 24 గంటలు చూస్తే చాలొచ్చని కూడా.

ఇక్కడే 2019 గుర్తు రావాలి. ఆక్స్‌ఫర్డ్‌లో జేక్ టేలర్ 2025 నాటి ఆ కొత్త చుక్కల్నే తీసుకుని అసలు ఏ గ్యాసూ లేని సాఫీ గీత కూడా సరిపోతుందని చూపించాడు. ఇంకో టీమ్ పదుల కొద్దీ వేరే గ్యాసుల్ని పెట్టి చూస్తే వాటిలో చాలా బాగానే కుదిరాయి, ప్రొపైన్‌తో సహా. మధుసూదన్ టీమ్ 650 రసాయనాలు పరీక్షించి డీఎంఎస్ ఇంకా ముందు వరసలోనే ఉందని జవాబిచ్చింది. సరే, కానీ ముందు వరసలో ఉండటం వేరు, అదొక్కటే ఉండటం వేరు కదా. 2019లో నీళ్లు కూడా ముందు వరసలోనే ఉన్నాయి!

ఒకవేళ అది డీఎంఎసే అనుకున్నా, జీవం అని వెంటనే అనలేం. 67పీ తోకచుక్క మీద డీఎంఎస్ దొరికిందని 2024లోనే తేలింది, ల్యాబ్‌లో ఏ జీవీ లేకుండా గ్యాసుల మీద అతినీలలోహిత కాంతి వేసి కూడా తయారుచేశారు.

అందుకే ఇప్పుడు ఎవరైనా కొత్త గ్రాఫ్ చూపిస్తే నేను ముందు అడిగేది సిగ్మా ఎంత అని కాదు, అదే చోట వెలుగుని పీల్చుకునే మిగతా గ్యాసుల్ని ఎలా పక్కకి పెట్టారని. 1.4 మైక్రాన్ల దగ్గర మనం అడగని ప్రశ్న అదే, సమాధానం రావడానికి నాలుగేళ్లు పట్టింది.