పాత బోల్ట్ రైఫిల్‌కు బోర్ మార్పించుడు: అపోహలు - వాస్తవాలు

నల్లగొండ, పాలమూరు వైపు తాతల నాటి బోల్ట్ రైఫిళ్లు (పిడి లాగి తూటా ఎక్కించేవి) ఇప్పటికీ కొన్ని లైసెన్సుల మీద ఉన్నాయి. మౌజర్ తరహావి, ఇషాపూర్ .315లు, బెల్టు తూటా పట్టే పెద్ద బోర్‌వి ఒకటీ అరా. వాటికి తూటాలు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. అక్కడ మొదలవుతుంది బోర్ మార్పించే ఆలోచన, అంటే రైఫిల్‌ను వేరే సైజు తూటాకు మార్చే ఆలోచన. దాంతోపాటే కొన్ని అపోహలూ వస్తాయి.

అపోహ: "బ్యారల్ మారిస్తే బోర్ మారినట్టే."

వాస్తవం: బ్యారల్ అందులో ఒక భాగం మాత్రమే. ముందు చూడాల్సింది తూటా అడుగు వెడల్పు. 7×57, 8×57, .30-06 తూటాలు మూడింటికీ అది దాదాపు 12 మి.మీ. కాబట్టి వాటి మధ్య మార్పుకు బోల్ట్ ముఖం అడ్డు రాదు. .375 హాలండ్ అయితే 13.5 మి.మీ. అప్పుడు బోల్ట్ ముఖం, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాను బయటికి లాగే కొక్కెం), మ్యాగజైన్ పెదవులు అన్నీ మారాలి.

అడుగు సరిపోయినంత మాత్రాన పని తీరదు. 7×57 తూటా మొత్తం పొడవు 78 మి.మీ. ఉంటే .30-06ది 85కు దగ్గర. పొట్టి మ్యాగజైన్‌లో దాన్ని ఇరికిస్తే గుండు మొన ముందు గోడకు కొట్టుకుంటుంది. చోటు కోసం తూటా ఎక్కే ర్యాంపును కోస్తారు. అసలు చేటు అక్కడే. ర్యాంపు వెనకాలే కింది లగ్గు (బోల్ట్‌ను బిగించి పట్టే పన్ను) ఆనే గట్టు ఉంటుంది. పేలిన ప్రతిసారీ సగం భారం దాని మీదే పడుతుంది. దాన్ని పలచన చేసిన రైఫిల్ పైకి బాగానే కనిపిస్తుంది, తూటాలూ సాఫీగా ఎక్కుతాయి. అలా కోసినట్టు కనిపిస్తే దాన్ని పక్కన పెట్టమనే చెప్తాం.

అపోహ: "త్రీ నాట్ త్రీ చాంబర్ కొంచెం పెద్దగ కోస్తే త్రీ ఫిఫ్టీన్ పడుతది."

వాస్తవం: చాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, పడుతుంది, బ్యారల్‌లో పట్టదు. .303 గుండు మందం 7.9 మి.మీ. మన .315 అంటే పాత 8×50 మాన్‌లిఖర్ తూటా, దాని గుండు సుమారు 8.2 మి.మీ. తేడా వెంట్రుకలంతే కదా అనిపిస్తుంది. కానీ రాగి తొడుగున్న గుండును ఆ ఇరుకులోంచి నెట్టాలంటే లోపలి ఒత్తిడి ఎక్కడికో పోతుంది. క్యాప్ (తూటా అడుగున దెబ్బకు పేలే ముక్క) ఊడుతుంది, తూటా అడుగు ఉబ్బుతుంది, బోల్ట్ బిగుసుకుపోతుంది. అంతటితో ఆగితే అదృష్టమే. తిరగేసి చేసినా ప్రమాదమే. పెద్ద చాంబర్‌లో చిన్న తూటా పేలిస్తే తూటా ఇత్తడి తొడుగు చీలి, గ్యాసు కాల్చేవాడి ముఖం మీదికి వస్తుంది.

అపోహ: "బోల్ట్ మూసుకుంది గదా, ఇంకేంది?"

వాస్తవం: మూసుకోవడం వేరు, సరైన సందుతో మూసుకోవడం వేరు. బోల్ట్ ముఖం నుంచి చాంబర్‌లో తూటా ఆనే చోటు దాకా ఉండే ఆ సందునే హెడ్‌స్పేస్ అంటాం. .303 తూటా అంచు మీద ఆనుతుంది, మౌజర్ తూటాలు భుజం (మెడ కింది వాలు) మీద ఆనుతాయి. .303కు గో గేజ్ (ఆ సందు కొలిచే కనీస కొలత ముక్క) 0.064 అంగుళం. సైన్యం లెక్కలో ఆఖరి హద్దు 0.074. మధ్య తేడా పావు మిల్లీమీటరు. ఆ హద్దు దాటితే పేలినప్పుడు తూటా ఇత్తడి తొడుగు సాగి, అడుగుకు కాస్త పైన తెగుతుంది.

గేజ్ పెట్టే ముందు బోల్ట్‌లోంచి ఫైరింగ్ పిన్, వీలైతే ఎక్స్‌ట్రాక్టర్ తీసేయాలి. చాంబర్ తుడవాలి. పిడిని ఒక్క వేలితోనే వాల్చాలి, బలం పెడితే గేజ్ అబద్ధం చెప్తుంది. గో గేజ్ మీద మూసుకోవాలి, నో-గో (ఎక్కువ కొలతది) మీద మూసుకోకూడదు. గేజ్ లేకున్నా ఖాళీ తూటాలు కొంత చెప్తాయి. అడుగుకు పైన చుట్టూ మెరిసే గీత ఉందా చూడండి. సన్న తీగ కొస వంచి తొడుగు లోపల గీరండి. అక్కడ గాడి తగిలితే ఆ రైఫిల్ కాల్చకూడదు. ఇంకోటి, బోల్ట్ మీది నంబరు, రిసీవర్ (బోల్ట్ జరిగే ఇనుప గూడు) మీది నంబరు ఒకటేనా? వేరే రైఫిల్ బోల్ట్ తెచ్చి పెట్టినవాటిలో హెడ్‌స్పేస్ కొలవకుండా నమ్మొద్దు.

అపోహ: "పాత ఇనుము గట్టిది, ఎంతకైనా ఆగుతది."

వాస్తవం: ఆ కాలపు మౌజర్ రిసీవర్లది మెత్తటి ఉక్కు, పైపొర మాత్రమే గట్టిపరిచినది. ఒత్తిడి పెరిగితే లగ్గులు ఆ పొరను నొక్కుకుంటూ లోపలికి దిగుతాయి, హెడ్‌స్పేస్ పెరుగుతుంది. 1898 మోడల్‌కు వెనకాల మూడో సేఫ్టీ లగ్గు ఉంది, 1893, 1895 మోడళ్లకు లేదు. యూరప్ ప్రమాణాల్లో 7×57 గరిష్ఠ ఒత్తిడి 3,900 బార్, .270 వించెస్టర్‌ది 4,300. 1895 మోడల్ మీద .270 అడిగేవాళ్లకు మా జవాబు ఒకటే, వద్దు.

అపోహ: "బ్యారల్ మీద రాసిందే బోర్."

వాస్తవం: మధ్యలో ఎవరో మార్చి, పాత ముద్ర అలాగే వదిలేసి ఉండొచ్చు. 8 మి.మీ. మౌజర్‌లోనే రెండు రకాలున్నాయి. పాతదాని గుండు 8.08 మి.మీ., 1905 తర్వాతది 8.22. పాత బ్యారల్‌లో కొత్తది కాల్చకూడదు. .275 రిగ్బీ మాత్రం వేరే తూటా కాదు, 7×57కే ఇంగ్లాండ్ పేరు.

నిజం తేలాలంటే చాంబర్ అచ్చు పోయాలి. దానికి 70-88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే లోహం ఉంది. చాంబర్ ముందు బ్యారల్‌లో దూది బిగించి పోస్తాం. గట్టిపడగానే తీసి, పోసిన గంటకు కొలుస్తాం. మొదట కుంచించుకుపోయే ఆ లోహం గంటకు అసలు కొలతకు వస్తుంది, ఆ తర్వాత ఇంకా పెరుగుతుంది. మర్నాడు తీరిగ్గా కొలిస్తే లెక్క తప్పుతుంది. బ్యారల్‌లోకి మెత్తటి సీసం గుండు నెట్టి రైఫ్లింగ్ (లోపలి మెలి తిరిగిన గాడుల) కొలత తీస్తాం.

అపోహ: "తుపాకి మనది, లేత్ మిషన్ మనది, ఎవడడుగుతడు?"

వాస్తవం: ఆయుధాల చట్టం, 1959లోని 5వ సెక్షన్ ప్రకారం మార్పు చేసే పనికీ, మరమ్మతుకూ లైసెన్స్ ఉండాలి. అది లేకుండా చేస్తే 2019 సవరణ తర్వాత కనీసం 7 ఏండ్లు, గరిష్ఠంగా జీవిత ఖైదు. లేత్ మీద ఎంత చేయి తిరిగిన టర్నరైనా సరే, ఈ పని అతనికి ఇవ్వకూడదు. మీ లైసెన్స్‌లో బోర్ రాసి ఉంటుంది. అది మారాలంటే ముందు లైసెన్స్ ఇచ్చిన అధికారి దగ్గరికి పోవాలి, రైఫిల్ ఆ తర్వాతే బల్ల మీదికి రావాలి. .303, 7.62 సర్వీస్ తూటాలు పట్టే రైఫిళ్లు నిషిద్ధ బోర్ కిందికి వస్తాయి, మామూలు లైసెన్స్ మీద అటు మార్చే మాటే లేదు. మార్చిన రైఫిల్‌కు మళ్లీ ప్రూఫ్ పరీక్ష (ఎక్కువ ఒత్తిడి తూటాతో పేల్చి చూసే పరీక్ష) కావాలి, పాత ప్రూఫ్ ముద్ర పాత తూటాకే చెల్లుతుంది.

"అది పాతది, లైసెన్స్ ఎందుకు?" అనేవాళ్లూ ఉన్నారు. 45వ సెక్షన్ మినహాయింపు మరమ్మతు చేసినా పేలని ఆయుధానికే. పిన్ విరిగిన రైఫిల్‌కు కొత్త పిన్ వేస్తే పేలుతుందంటే లైసెన్స్ కావాల్సిందే.

అపోహ: "అడవి పందుల కోసం చిన్న బోర్ చేయిస్తే అడ్డు చెప్పరు."

వాస్తవం: బోర్‌తో సంబంధం లేదు. పంట పాడుచేసే జంతువు మీదైనా వన్యప్రాణి చట్టం, 1972లోని 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉండాలి. అభయారణ్యానికి 10 కి.మీ. లోపు ఉండే లైసెన్స్‌దారులు 34వ సెక్షన్ కింద అటవీ శాఖ దగ్గర విడిగా నమోదు చేసుకోవాలి. మన్ననూరు, అమ్రాబాద్ వైపు ఇది చాలామందికి తెలియదు.

అపోహ: "బ్యారల్ అరిగిపోయింది, మార్చక తప్పదు."

వాస్తవం: అరిగిందని తెచ్చేవాటిలో కొన్నింటికి ఉన్నది మురికే. పాత తూటాల క్యాప్‌లో పొటాషియం క్లోరేట్ ఉండేది. కాల్చాక ఉప్పు మిగిలి, వానాకాలం తేమను లాగి, రైఫ్లింగ్‌ను తినేస్తుంది. నూనెతో ఆ ఉప్పు పోదు. వేడినీళ్లు పోసి కడిగి, పూర్తిగా ఆరబెట్టి, అప్పుడు నూనె పట్టించాలి. గుండు రాగి అంటుకుని ఉంటే రాగిని కరిగించే ద్రావకంతో, గుడ్డ మీద పచ్చ-నీలం మరక రావడం ఆగేదాకా రుద్దాలి. ఆ తర్వాత మూతి అంచు చూడాలి. చాంబర్ వైపు నుంచి కాకుండా మూతి వైపు నుంచి ఇనుప కడ్డీ దూర్చి తుడిచినవాటికి ఆ అంచు ఒకవైపు అరిగి ఉంటుంది. దాన్ని మళ్లీ చదును చేయిస్తే గురి తిరిగి వస్తుంది, బోర్ ముట్టుకునే పని ఉండదు. అది కూడా లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేయాల్సిన పనే.