పొలం బాట ఉమ్మడి ఖర్చు: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. పొలం బాటల తగాదాలూ అప్పుడే లేస్తాయి. ట్రాక్టరు దిగబడ్డాక "గ్రావెల్ ఎవరు తోలాలి" అని మొదలవుతుంది. బురదలో పోసిన గ్రావెల్ బురదలోనే కలుస్తుంది కాబట్టి ఆ మాట ఏప్రిల్, మే నెలల్లోనే తేల్చుకోవాలి. దానికి అడ్డుపడే అపోహలు ఇవి.

అపోహ: బాట ఎవరి పట్టాలో ఉంటే మరమ్మతు వాళ్లదే.

ముందు అది ఏ రకం బాటో చూడాలి. గ్రామ నక్ష, ఎఫ్ఎంబీ (పొలం కొలతల పుస్తకం) తీసి చూస్తే డొంక పోరంబోకు, అంటే ప్రభుత్వ బాట, అవునో కాదో తెలుస్తుంది. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకు అంటే 7.92 అంగుళాలు, కాబట్టి 20 లింకుల డొంక 13 అడుగుల పైచిలుకు. దాన్ని ఎవరైనా దున్ని కలుపుకుంటే తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి ఖాళీ చేయించే అధికారం రెవెన్యూ వాళ్లకుంది. రీసర్వే జరిగిన ఊళ్లో కొత్త ఎల్పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) పటంలోనూ ఆ డొంక గీత వచ్చిందో లేదో తప్పక చూసుకోండి.

పట్టా భూమిలోంచి వాడుకగా పోయే బాట అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ల (ఇతరుల భూమిలో దారి లాంటి వాడుక హక్కుల) చట్టం వర్తిస్తుంది. దాని 25వ సెక్షను ప్రకారం బాగుచేసే ఖర్చు దారి వాడుకునేవాళ్లది, భూమి యజమానిది కాదు. యజమాని అడ్డుపడకుండా ఉంటే చాలు. ఆయనా అదే బాటలో తిరుగుతుంటే వాటా అడగడం న్యాయమే, కానీ అది ఒప్పందంతో రావాలి, దబాయింపుతో కాదు.

అపోహ: ఇరవై ఏళ్లు నడిస్తే దారి మనదే.

మీకు వచ్చేది దారి హక్కు వరకే, భూమి కాదు. ఆ హక్కయినా బహిరంగంగా, అడ్డు లేకుండా, హక్కుగా నడిచినప్పుడే వస్తుంది. "మా చేలోంచి పోండి అన్నా" అని పిలిచి ఇచ్చిన దారి ఎన్నేళ్లు నడిచినా అనుమతే. ఇంకొకటి చాలామందికి తెలియదు: దారి మూసేస్తే రెండేళ్లలోపే దావా వేయాలి. పెద్దమనుషుల పంచాయితీల్లో ఆ గడువు దాటించుకోవద్దు.

అన్నదమ్ముల పంపకాల్లో వెనక ముక్కకు వేరే దారి లేకపోతే ముందు ముక్కలోంచి అవసరపు దారి వస్తుంది. అయినా కాగితంలో "దారి కలదు" అని వదిలేయకండి. వెడల్పు అడుగుల్లో, ఏ గట్టు వెంబడో రాయించండి. ట్రాక్టరుకు 12 అడుగులు చాలు, పెద్ద టైర్ల కోత మిషన్‌కు 15 కావాలి.

అపోహ: తలకింత వేసుకుంటే అందరికీ సమానం.

సమానమే గానీ న్యాయం కాదు. మొదట్లో పొలం ఉన్నవాడు 200 మీటర్లే వాడతాడు, చివరివాడు మొత్తం వాడతాడు. 600 మీటర్ల బాట, ముగ్గురు రైతులు, ప్రతి 200 మీటర్లకు 30,000 రూపాయల ఖర్చు అనుకుందాం. మొదటి ముక్క ముగ్గురిది, రెండోది ఇద్దరిది, మూడోది ఒక్కడిది. అప్పుడు వాటాలు 10,000, 25,000, 55,000. చివరివాడు ఇది మోయలేనంటే సగం దూరాన్ని బట్టి, సగం ఎకరాలను బట్టి కలిపి వేసుకోండి. మా సలహా ఈ రెండో పద్ధతే, ఎక్కువ రోజులు నిలబడుతుంది.

బరువు సంగతి వేరే. రొయ్యల గుంటలకు మేత లారీ, పట్టుబడి రోజున ఐసు లారీ తిరిగే బాటలో ఎకరాల లెక్క పనికిరాదు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు తగిలే దెబ్బ సుమారు 16 రెట్లని రోడ్డు ఇంజనీర్ల లెక్క. లారీకి ట్రిప్పుకింత అని విడిగా వసూలు పెట్టుకోవాలి. దమ్ము చేసిన ట్రాక్టరు కేజ్ వీల్స్ (దమ్ముకు వేసే ఇనప చక్రాలు) విప్పకుండా బాటెక్కితే జరిమానా అని కూడా ఒప్పందంలో రాసుకోండి.

అపోహ: రెండు లోడ్ల గ్రావెల్ తోలితే బాట బాగైనట్టే.

డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. బాటను చెడగొట్టేది నిలిచిన నీళ్లు. నీళ్లు పోయే దారి చూపకుండా ఎంత పోసినా దండగ. జేసీబీతో బురద గీకిస్తే మరీ నష్టం: మధ్య పల్లమవుతుంది, గీకిన మట్టి అంచుల్లో గట్టులా నిలుస్తుంది, బాట కాస్తా కాలువవుతుంది. ముందు ఆ అంచులు కొట్టేసి పక్క కాలువలు అడుగున్నర లోతు తీయాలి. 10 అడుగుల బాటకు మధ్య భాగం అంచులకన్నా రెండున్నర అంగుళాలు ఎత్తుండాలి. అడ్డంగా తాడు లాగి పట్టుకుంటే తేలిపోతుంది.

100 మీటర్ల పొడవు, 10 అడుగుల వెడల్పున, అణిగాక 6 అంగుళాల మందం నిలవాలంటే సుమారు 21 యూనిట్ల గ్రావెల్ కావాలి (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు). ఒకేసారి కుప్పలు లాగకుండా రెండు పొరలుగా పరిచి, ట్యాంకరుతో తడిపి, రోలరు తొక్కించాలి. గుప్పిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి నీరు కారకూడదు. ట్రాక్టర్లే తొక్కుతాయిలే అని వదిలేస్తే చక్రాల జాడలు రెండే అణుగుతాయి, ఆ గాళ్లలోనే మళ్లీ నీళ్లు నిలుస్తాయి.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి మీద నేరుగా గ్రావెల్ పోస్తే వానకు బురద పైకి ఎగదన్ని రాళ్లను మింగేస్తుంది. ముందు 4 అంగుళాల క్వారీ డస్ట్ పరవాలి. చీమకుర్తి క్వారీల నుంచి వచ్చే పెద్ద రాళ్ల వేస్టు ఒక్కటే పోస్తే మధ్యలో పొడి లేక పట్టుకోదు, టైర్లు కోసుకుపోతాయి.

నెల్లూరు డెల్టాలో ఇంకో జబ్బు ఉంది: కయ్యకు (మడికి) నీళ్లు మళ్లించడానికి బాటను అడ్డంగా కొట్టడం. పూడ్చినా ఆ చోట అణగదు. పిల్లకాలువకు 6 కేజీల ఒత్తిడి తట్టుకునే పీవీసీ పైపు రెండడుగుల లోతున, చుట్టూ ఇసుక వేసి పెడితే మడవ కోసం బాట కొట్టే పని ఉండదు. వాన నీరు అడ్డంగా పారే పల్లంలో మాత్రం 600 మి.మీ. హ్యూం (సిమెంటు) పైపు తూము కావాలి. అంతకన్నా చిన్నదైతే పూడిక తీయడం కుదరదు. ఒక్కో పైపు 2.5 మీటర్లుంటుంది కాబట్టి 10 అడుగుల బాటకు రెండు పడతాయి. తేలిక రకమైన ఎన్పీ2 చవక అని తేవద్దు, లోడు బండ్లకు చిట్లే ప్రమాదం ఉంది. అంతకన్నా గట్టి రకం ఎన్పీ3 అడగండి.

అపోహ: ఒకసారి రాసుకుంటే కొన్నవాడు కూడా కట్టాల్సిందే.

దారి హక్కు పొలంతో పాటు చేతులు మారుతుంది. ఖర్చు ఒప్పందం మాత్రం ముందుగా సంతకం పెట్టినవాళ్లదే. కొత్త యజమాని వచ్చినప్పుడల్లా సంతకం తీసుకోవాలి. శాశ్వత దారి రాయించుకుంటుంటే అది రిజిస్టరు కావాలి, నోటరీ చాలదు. ఖర్చుల పంపకానికి స్టాంపు కాగితం మీద ఒప్పందం సరిపోతుంది. వాటాలు, డబ్బు ఎవరి దగ్గర ఉండాలో, సెప్టెంబరులో పక్క కాలువలు, తూము పూడిక ఏ ముక్కకు ఎవరు తీయాలో పేర్లతో అందులో ఉండాలి. కట్టనివాడి వాటా మిగతావాళ్లు వేసి పని ఆగకుండా చూసి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకునే షరతు కూడా రాసుకోండి.