జ్వరం దిగిన మర్నాడే పరుగు వద్దు

చిరంజీవులైన పిల్లలకు, ఆశీస్సులు.

మీలో ఒకరు గొంతు ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ వాడుతున్నారట. మూడో రోజుకే జ్వరం దిగి ఒళ్ళు తేలికపడిందని, ఇక రేపటి నుంచి పరుగుకు వెళ్ళవచ్చా అని అడుగుతూ నాకు రాశారు. వద్దనే నా జవాబు. అయితే కారణం తెలియకుండా ఊరికే ఆగమంటే కుర్రతనంలో ఎవరికీ మనసొప్పదు. మీ వయసులో నాకూ ఒప్పలేదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

జ్వరం అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి. ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించేది మెదడులోని హైపోథాలమస్ అనే చిన్న భాగం. మామూలు రోజుల్లో అది మన వేడిని 37 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త అటూ ఇటూగా ఉంచుతుంది. రోగక్రిములు చొరబడినప్పుడు ఆ గీతను అదే 38కో 39కో పైకి జరుపుతుంది. ఆ వేడిని అందుకోవడానికి ఒళ్ళు వణుకుతుంది కనుకనే కాలిపోతున్న ఒంటితో కూడా చలి చలి అంటూ దుప్పటి లాక్కుంటాం. ఆ గీత తిరిగి కిందికి దిగినప్పుడు, మిగిలిపోయిన వేడిని వదిలించుకోవడానికి చెమటలు పోస్తాయి. గీత దిగింది కనుక చెమట పట్టింది గానీ, చెమట పట్టింది కనుక గీత దిగలేదు. ఈ తేడా తెలియకనే కొందరు నాలుగు చుట్లు పరిగెత్తి చెమట పట్టిస్తే జ్వరం వదిలిపోతుందని చెబుతుంటారు. ఆ మాట వినకండి. కండరం ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. జ్వరంలో పరిగెత్తితే ఉన్న వేడికి మరింత వేడి చేరుతుంది.

ఈ భారం మోసేది గుండె. ఒంటి వేడి ఒక డిగ్రీ పెరిగితే నాడి నిమిషానికి సుమారు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. 39 డిగ్రీల జ్వరంతో మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి గుండె కూడా విశ్రాంతిగా ఉన్నట్టు కాదు. పైగా కొన్ని వైరస్‌లు నేరుగా గుండె కండరానికే వాపు తెస్తాయి. దాన్ని మయోకార్డైటిస్ అంటారు. ఇది అరుదే, కానీ ఆరోగ్యంగా కనిపించే యువ క్రీడాకారులు ఆడుతూ ఆడుతూ కుప్పకూలిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఈ వాపు వచ్చిందని తేలితే డాక్టర్లు సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల దాకా పోటీ ఆటలు మాన్పిస్తారు. అందువల్ల జబ్బు పడి లేచిన వారాల్లో ఛాతీలో నొప్పి గానీ, గుండె లయ తప్పి దడదడలాడడం గానీ, కొద్ది శ్రమకే ఊపిరి అందకపోవడం గానీ, కళ్ళు తిరిగి పడిపోవడం గానీ జరిగితే, ఆ క్షణాన్నే ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఇంట్లో చెబితే ఆట మాన్పిస్తారన్న భయంతో దాచకండి. నేను మిమ్మల్ని బతిమాలి అడుగుతున్నది ఈ ఒక్కటే.

మీ వయసులో నేను ఫ్లూ జ్వరం దిగిన మర్నాడే పరుగు పందేనికి వెళ్ళాను. పొద్దున్నే జ్వరం మాత్ర వేసుకున్నాను కనుక నుదురు చల్లగా ఉంది, దాన్నే ఆరోగ్యం అనుకున్నాను. బూట్ల లేసులు కట్టుకోవడానికి వంగి లేచేసరికి కళ్ళకు చీకట్లు కమ్మాయి, ముడి వేస్తున్న వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. అయినా పరిగెత్తాను. సగం దూరంలో కూర్చుండిపోయాను, ఆ రాత్రికే జ్వరం తిరగబెట్టింది. పారాసెటమాల్ వేడిని దించుతుందే గానీ జబ్బును దించదు. మాత్ర లేకుండా కనీసం ఒక పగలూ ఒక రాత్రీ జ్వరం రాకుండా గడిచాకే అది తగ్గిందని అనుకోవాలి. ఆ తర్వాతే వ్యాయామం సంగతి.

జలుబు చేసిన ప్రతిసారీ మూల కూర్చోవాలా అంటే, అక్కర్లేదు. దీనికి క్రీడా వైద్యులు మెడను గుర్తుగా పెట్టుకోమంటారు. బాధ అంతా మెడకు పైనే ఉంటే, అంటే ముక్కు కారడం, తుమ్ములు, కొద్దిపాటి గొంతు గరగర మాత్రమే ఉండి జ్వరం లేకపోతే, తేలికపాటి నడక ఫరవాలేదు. దగ్గు ఛాతీలోకి దిగినా, ఒళ్ళునొప్పులు, వాంతులు, విరేచనాలు ఉన్నా, జ్వరం ఉన్నా, పూర్తి విశ్రాంతే.

ఇక యాంటీబయాటిక్ సంగతి. ఈ మందులు బ్యాక్టీరియా మీదే పనిచేస్తాయి. జలుబు, ఫ్లూ వంటి వైరస్ జబ్బులకు వీటితో ప్రయోజనం లేదు కనుక పోయినసారి మిగిలిన మాత్రలను, స్నేహితుడి మాత్రలను వేసుకోకండి. యాంటీబయాటిక్ వేసుకుంటే నీరసం వస్తుందని చాలామంది అంటారు గానీ, ఎక్కువసార్లు ఆ నీరసం జబ్బుది. మందు బ్యాక్టీరియాను అదుపు చేస్తుంది. జబ్బుతో పోయిన సత్తువను తెచ్చిపెట్టడం దాని పని కాదు, అది తిండి, నిద్ర, కాలం చేయవలసిన పని. ఆట ఉంది, కడుపు పాడవుతుంది అని ఆ పూట మాత్ర ఎగ్గొట్టడం మరీ పెద్ద తప్పు. పెనిసిలిన్‌ను 1928లో కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్, 1945లో నోబెల్ బహుమతి అందుకున్నప్పటి ఉపన్యాసంలోనే, చాలీచాలని డోసు వాడితే సూక్ష్మజీవులు ఆ మందును తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించారు. మాత్ర మానేసి ఆటకు వెళ్ళవలసిన పరిస్థితి వస్తే, మానవలసింది ఆటనే.

కొన్ని యాంటీబయాటిక్‌ల విషయంలో మాత్రం మందును బట్టి కూడా వ్యాయామం మార్చుకోవాలి. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ వంటివి ఫ్లోరోక్వినోలోన్ల జాతి. ఇవి కండరాలను ఎముకలకు కట్టి ఉంచే టెండన్లను దెబ్బతీయవచ్చు. అందులోనూ పిక్కను మడమకు కలిపే అకిలిస్ టెండన్‌కు ప్రమాదం ఎక్కువ. మనం దాన్ని మడమ నరం అంటుంటాం గానీ అది నరం కాదు, గట్టి తాడు వంటి పోగుల కట్ట. 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందుల మీద అత్యంత తీవ్రమైన హెచ్చరికను ముద్రించాలని ఆదేశించింది. అరవై దాటినవారికి, స్టెరాయిడ్లు వాడేవారికి ముప్పు ఎక్కువే అయినా, చిన్న వయసువారికి రాదనే హామీ లేదు.

అరవై దాటాక నాకు ఛాతీ ఇన్ఫెక్షన్ వస్తే లెవోఫ్లాక్సాసిన్ వాడవలసి వచ్చింది. అయిదో రోజు పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే రెండు మడమల వెనకా ఎవరో గట్టిగా గిల్లినట్టు నొప్పి పుట్టింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ తాడును పట్టి చూస్తే ఉబ్బి ఉంది, పాదం పైకి వంచితే లాగింది. ఆ పూట మాత్ర వేసుకోకుండా వెంటనే డాక్టరుకు ఫోన్ చేస్తే మందు మార్చారు. నొప్పిని లెక్కచేయకుండా నడకకు వెళ్ళి ఉంటే ఆ తాడు తెగేదేమో. అది పూర్తిగా నెమ్మదించడానికి నెలలు పట్టింది. ఈ నొప్పి మందు మొదలైన గంటల్లో రావచ్చు, మానేసిన కొన్ని నెలలకూ రావచ్చు. ఈ జాతి మందు రాసినప్పుడు గెంతడం, వేగంగా పరిగెత్తడం, బరువులెత్తడం గురించి డాక్టరును ముందే అడగండి.

డాక్సీసైక్లిన్ వాడేటప్పుడు చర్మం ఎండకు తొందరగా కందిపోతుంది కనుక ఎండలో ఆటలు తగ్గించాలి. అజిత్రోమైసిన్ కొందరిలో గుండె లయను మార్చగలదు. గుండె జబ్బు ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా మరణించినవారు ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఏ యాంటీబయాటిక్ వల్లనైనా విరేచనాలు పట్టుకుంటే, ఒంట్లో నీరు, లవణాలు తిరిగి చేరేవరకు వ్యాయామం జోలికి పోవద్దు.

తిరిగి మొదలుపెట్టడం ఎలా అన్నదాంట్లో నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది నాడిని. పొద్దున మెలకువ రాగానే, మంచం మీద ఉండగానే, బొటనవేలి కింద మణికట్టు మీద రెండు వేళ్ళు ఆనించి గడియారం చూస్తూ నిమిషం పాటు లెక్కపెట్టండి. ఒంట్లో బాగున్న రోజుల్లో మీ లెక్క ఎంతో రాసి పెట్టుకుంటే జబ్బు తర్వాత పోల్చుకోవచ్చు. అది అలవాటు లెక్కకంటే పది ఎక్కువ ఉంటే ఆ రోజు విశ్రాంతే. సరిపోయిన రోజున పది పదిహేను నిమిషాలు నడవండి. పక్కవారితో ఆయాసపడకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతున్నంతసేపే నడవండి. మర్నాడు లేచేసరికి నీరసం పెరగకపోతే మరికొంచెం కలపండి. ముందు సమయం, తర్వాత వేగం, ఆఖరున బరువులు, పోటీలు. జ్వరం ఎన్ని రోజులు ఉందో దానికి రెండింతల రోజులు ఈ మెట్లకు కేటాయించడం నా పద్ధతి. కోవిడ్ తర్వాత గానీ, మరే ఇన్ఫెక్షన్ తర్వాత గానీ, కాస్త శ్రమపడిన మర్నాడో మూడో నాడో ఒళ్ళంతా కూలబడినట్టు అనిపిస్తే పట్టుదలతో పెంచకూడదు, తగ్గించి డాక్టరును కలవాలి.

అలాగని అతిగా పడుకోవడమూ మంచిది కాదు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో 20 ఏళ్ళ కుర్రాళ్ళు అయిదుగురిని మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. శ్రమలో ఆక్సిజన్ వాడుకునే సామర్థ్యం వారిలో నాలుగో వంతుకు పైగా పడిపోయింది. మళ్ళీ క్రమపద్ధతిలో సాధన చేయిస్తే తిరిగి వచ్చింది. ముప్పై ఏళ్ళ తర్వాత వారినే మళ్ళీ పరీక్షిస్తే, ఆ మూడు వారాల మంచం చేసినంత నష్టం ముప్పై ఏళ్ళ వయసు కూడా చేయలేదని తేలింది. జ్వరం ఉన్నన్నాళ్ళూ పడుకోండి, అది పోయాక ఇంట్లోనే అటూ ఇటూ నడవండి.

గొంతు నొప్పితో నాకు రాసిన బిడ్డా, ఇప్పుడు నీ సంగతి. మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులు వేసుకో. యుక్తవయసులో గొంతు నొప్పి, మెడలో గడ్డలు, విపరీతమైన అలసట వారాల తరబడి ఉంటే అది మోనోన్యూక్లియోసిస్ అనే వైరస్ జబ్బు కావచ్చు. అందులో ప్లీహం, అంటే కడుపులో ఎడమవైపు పక్కటెముకల కింద ఉండే అవయవం, ఉబ్బుతుంది, కడుపుకు దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదం ఉంది కనుక కనీసం మూడు వారాలు ఒకరినొకరు ఢీకొనే ఆటలు ఆడనివ్వరు. వారం దాటినా నీ గొంతు, నీరసం తగ్గకపోతే డాక్టరును ఆ మాట అడుగు. ఈలోగా రేపు పొద్దున లేవగానే నాడి లెక్కపెట్టి, ఆ అంకె నాకు రాసి పంపు. వరసగా మూడు రోజుల అంకెలు చూశాక, మొదటి నడక ఎంతసేపో ఇద్దరం కలిసి నిర్ణయిద్దాం.

మీ తాతయ్య