టీ గ్లాసెడు గ్యాసు

వేరావల్ నుంచి ఒక శ్రీకాకుళం కుర్రాడు ప్రశ్న పంపాడు. గుజరాత్ బోట్ల మీద వేటకు వెళ్ళే మన జిల్లా వాళ్ళలో ఒకడు. బోటులో వంట పని అతనిదే. "సిలిండర్ బయట పెడితే ఉప్పుగాలికి తుప్పు పడుతుందని బోటు నడిపే సరంగు లోపల పెట్టమంటాడు. లోపల పెడితే ప్రమాదమని మా మావయ్య అంటాడు. ఎవరి మాట వినమంటారు సార్?"

మావయ్య మాటే వినాలి. ఎందుకో చెప్పడానికే ఇదంతా. రెగ్యులేటర్ ఎలా బిగించాలి, రబ్బరు ట్యూబు ఎన్నాళ్ళకు మార్చాలి అనేవి గ్యాసు ఏజెన్సీ వాళ్ళిచ్చే కాగితంలో ఉంటాయి. దాన్ని ఎవరూ చదవరు, నేనూ ఇక్కడ చెప్పను. నాకు చెప్పాలని ఉన్న సంగతి వేరే ఉంది. అది పడవ ఆకారం.

తెప్ప, పడవ రెండూ తేలతాయి కానీ తేలే కారణాలు వేరు. తెప్ప తేలేది దుంగ వల్ల. ఆ కర్ర నీటికంటే తేలిక. దుంగల సందుల్లోంచి నీళ్ళు వస్తూ పోతూ ఉన్నా దానికి ఏమీ కాదు. పడవ సంగతి అది కాదు. ఇనుము నీళ్ళలో మునుగుతుంది, ఇనుప పడవ తేలుతుంది. అంటే పడవను తేల్చేది దాని ఆకారమే. అది ఒక పెద్ద గిన్నె. గిన్నె అడుగున చిల్లు లేనంతసేపే అది పడవ. అందుకే తరతరాలుగా పడవ కట్టేవాళ్ళు బల్లల సందుల్లో పీచు కూరి, తారు పూసి, ఇప్పుడైతే ఫైబర్ పోతపోసి, చుక్క నీరు లోపలికి రాకుండా తిప్పలు పడతారు. అయితే బయటి నీళ్ళను రానివ్వని ఆ గిన్నె లోపలి వాటినీ బయటికి పోనివ్వదు.

ఇప్పుడు నాలుగు అంకెలు చూద్దాం. గాలి సగటు అణుభారం 29. వంటగ్యాసులో ఉండే ప్రొపేన్‌ది 44, బ్యూటేన్‌ది 58. కార్బన్ మోనాక్సైడ్‌ది 28. మొత్తం కథ ఈ నాలుగు అంకెల్లోనే ఉంది. తరగతిలో పిల్లల చేత వీటిని బట్టీ పట్టిస్తాం. 58ని 29తో భాగిస్తే రెండొస్తుందని మాత్రం ఎవరూ చెప్పరు. బ్యూటేన్ గాలికి సరిగ్గా రెట్టింపు బరువు. సిలిండర్‌లో ఉన్నది ఈ రెండిటి మిశ్రమం కాబట్టి, లీకైన గ్యాసు పొగలా పైకి లేవదు. నీళ్ళలా కిందికి పోతుంది.

దీన్ని కళ్ళతో చూడాలంటే వంటింట్లోనే చూడొచ్చు. చెంబులో రెండు చెంచాల వంటసోడా వేసి నిమ్మకాయ పిండండి. నురగ తగ్గాక, రసం ఒలకకుండా, ఆ చెంబును వెలిగించిన కొవ్వొత్తి మీదకు నీళ్ళు పోసినట్టు వంచండి. కంటికి ఏమీ కనపడదు, కొవ్వొత్తి మాత్రం ఆరిపోతుంది. మీరు పోసింది కార్బన్ డయాక్సైడ్. దాని అణుభారం కూడా 44, అచ్చం ప్రొపేన్‌దే. లీకైన గ్యాసు పడవలో ఎలా జారుతుందో ఏ ప్రమాదమూ లేకుండా చూపించే నమూనా ఇది. సైన్సు మాస్టార్లు దీన్ని "మంట ఆర్పే గుణం" కింద చూపించి ఊరుకుంటారు. నన్నడిగితే, గాలిని చెంబులోంచి వంచి పోయొచ్చు అన్నదే అందులో అసలు వింత.

పాత బావుల సంగతి కూడా ఇలాంటిదే. పూడిక తీయడానికి దిగినవాడు కుప్పకూలతాడు, వాణ్ణి పట్టుకురావడానికి దిగినవాడూ లేవడు. ఊళ్ళో దాన్ని దెయ్యం బావి అంటారు. బావి కూడా గిన్నే. అందులో చేరింది బరువైన కార్బన్ డయాక్సైడ్, లేనిది ఆక్సిజన్. దెయ్యాన్ని నమ్మిన పెద్దవాళ్ళే ముందు లాంతరు దింపి చూడమనేవారు. దీపం ఆరితే దిగొద్దని అర్థం. ఆ పరీక్ష వెనక మంచి సైన్సు ఉంది. కానీ వంటగ్యాసు వాసన వచ్చిన పడవలో ఎవరైనా అదే తెలివితో దీపం దింపితే ఆరేది దీపం కాదు.

మళ్ళీ పడవ దగ్గరికి వద్దాం. ఇంట్లో గ్యాసు లీకైతే తలుపు కింద సందుంది, వంటింటి మూలన తూముంది. ఇల్లంటేనే సవాలక్ష చిల్లులు. పడవకు ఆ సౌకర్యం లేదు. పొయ్యి దగ్గర కారిన గ్యాసు మూత సందుల్లోంచి, పలకల కిందుగా జారుకుంటూ ఇంజన్ గదిలోకి, అక్కణ్ణుంచి తోడి పోయాల్సిన నీళ్ళు చేరే అట్టడుగుకు పోతుంది. చాప కింద నీరు అనే మాట ఈ గ్యాసు కోసమే పుట్టిందా అనిపిస్తుంది.

"కాసేపటికి గాలిలో కలిసిపోదా?" అని అడగొచ్చు. మంచి ప్రశ్న. వాయువులన్నీ చివరికి కలిసిపోతాయి, ఒకసారి కలిశాక మళ్ళీ విడిపోవు. వాతావరణంలో కార్బన్ డయాక్సైడ్ నేల మీద పొరలా పేరుకోకపోవడానికి కారణం అదే. గాలులు దాన్ని చిలుకుతూనే ఉంటాయి. పడవ అడుగున ఆ చిలకడం లేదు. కదలని గాలిలో అణువులు వాటంతట అవే విస్తరించే వేగం చాలా తక్కువ. ఆ వేగాన్ని చెప్పే అంకెను విసరణ గుణకం అంటారు. ఈ గ్యాసుకు అది సెకనుకు సుమారు 0.1 చదరపు సెంటీమీటరు. దూరాన్ని దూరంతో గుణించి, రెండు రెట్ల గుణకంతో భాగిస్తే పట్టే సమయం వస్తుంది. మీటరు ఎత్తుకు లెక్క కడితే 50,000 సెకన్లు, అంటే దాదాపు 14 గంటలు. పైగా బరువైనది కింద, తేలికైనది పైన ఉన్న అమరిక నిలకడైనది, తనంతట తాను తిరగబడదు. రాత్రి కారిన గ్యాసు తెల్లారి ఇంజన్ తిప్పేదాకా అక్కడే పడుకుని ఉంటుంది.

ఎంత గ్యాసు చేరితే ప్రమాదం? గాలిలో ఈ గ్యాసు సుమారు 2 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 9, 10 శాతం దాటితే మాత్రం గాలి చాలక అంటుకోదు. పడవ అడుగున 2 ఘనపు మీటర్ల ఖాళీ ఉందనుకోండి, అంటే 2,000 లీటర్లు. అందులో 2 శాతం 40 లీటర్ల గ్యాసు. మన ఎండల్లో లీటరు గ్యాసు బరువు 2 గ్రాముల పైచిలుకు కాబట్టి 40 లీటర్లు దాదాపు 84 గ్రాములు. సిలిండర్‌లో అది ద్రవంగా ఉంటుంది, ద్రవం లీటరు అరకిలో పైన తూగుతుంది. 84 గ్రాములంటే 155 మిల్లీలీటర్లు. ఒక టీ గ్లాసు! 14.2 కిలోల సిలిండర్‌లో ఇలాంటి గ్లాసులు 160కి పైగా ఉంటాయి.

ఆ గ్లాసు ఒలకడానికి పెద్ద లీకు కూడా అక్కర్లేదు. అన్నం కుండ చాలు. కెరటానికి బోటు ఒరుగుతుంది, గంజి పొంగి బర్నర్ మీద పడుతుంది, మంట ఆరిపోతుంది. వల లాగుతున్నారని వంటవాణ్ణి కేకేస్తారు, అతను పరిగెడతాడు. 2 కిలోవాట్ల బర్నర్ గంటకు 155 గ్రాముల దాకా గ్యాసు తాగుతుంది. మంట లేకపోయినా అంతే గ్యాసు వస్తూ ఉంటుంది. 84 గ్రాములు కారడానికి పట్టేది అరగంట. వల లాగడం అరగంటలో తెమిలే పనేనా?

దీనికి విరుగుడు బర్నర్ పక్కన నిలబెట్టే చిన్న లోహపు పుల్ల. థర్మోకపుల్ అంటారు. రెండు వేర్వేరు లోహాలను అతికించి ఆ అతుకును వేడి చేస్తే కొద్ది మిల్లీవోల్టుల కరెంటు పుడుతుంది. ఆ కాస్త కరెంటే ఒక బుల్లి అయస్కాంతాన్ని పట్టి ఉంచి గ్యాసు దారిని తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే పుల్ల చల్లారుతుంది, అయస్కాంతం పట్టు వదులుతుంది, స్ప్రింగు దారి మూసేస్తుంది. బ్యాటరీ లేదు, మీట లేదు. పడవల కోసం చేసే పొయ్యిల్లో ఇది ఉంటుంది. మన ఇళ్ళలోని మామూలు పొయ్యిల్లో చాలావాటికి ఉండదు, బోట్లలోకి వెళ్ళేవి ఆ పొయ్యిలే.

వాసన వస్తుంది కదా అంటారు. నిజమే, గ్యాసుకు సొంత వాసన లేదని మెర్కాప్టాన్ కలుపుతారు. కానీ ముక్కు ఉండేది ఐదడుగుల ఎత్తున, గ్యాసు ఉండేది పాదాల కింద. మధ్యలో డీజిలు, చేపలు. ఏ వాసనకైనా ముక్కు కాసేపటికి అలవాటు పడిపోతుంది. అందుకే గ్యాసును పసిగట్టే యంత్రాన్ని గోడ మీద ఎత్తున కాకుండా నేలబారున పెట్టాలి.

ఇక నిప్పురవ్వ. డీజిలు ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ లేదుగా అని ధీమా పడేవాళ్ళున్నారు. ఇంజన్‌ను తిప్పే స్టార్టర్ మోటారు ఉంది, బ్యాటరీ తీగల కొసలున్నాయి, అడుగు నీళ్ళు తోడే మోటారు స్విచ్చి ఉంది. గ్యాసు ఎక్కడ చేరిందో సరిగ్గా అక్కడే ఇవన్నీ ఉంటాయి. వరసగా కట్టేసిన బోట్లలో నిప్పు ఎంత దూరం పోతుందో 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్ చూసింది. దాదాపు 40 బోట్లు దెబ్బతిన్నాయి. ఫైబర్, నైలాన్ వలలు, డీజిలు, లోపల సిలిండర్లు. ఒకటి అంటుకుంటే పక్కది అంటుకోకుండా ఉండే వీలేదీ?

ఆ నాలుగు అంకెల్లో మిగిలింది 28. బ్రిటన్ ఈశాన్య తీరంలో విట్‌బీ రేవులో, 2014 జనవరిలో, ఎష్కోల్ అనే చిన్న చేపల బోటులో ఇద్దరు జాలర్లు చలికి తాళలేక పొయ్యి తాలూకు గ్రిల్ (పైనుంచి కాల్చే మంట) వెలిగించి నిద్రపోయారు. మళ్ళీ లేవలేదు. లీకు లేదు, పేలుడు లేదు. లీటరు బ్యూటేన్ పూర్తిగా కాలడానికి 31 లీటర్ల గాలి కావాలి. మూసిన గదిలో అది చాలక మంట సగం సగం కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దీని బరువు దాదాపు గాలి బరువే కాబట్టి గిన్నె సూత్రం దీనికి పనిచేయదు. ఇది కిందికీ పోదు, పైకీ పోదు, గదంతా నిండుతుంది. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. రంగు లేదు, వాసన లేదు. ఆ బోటులో దీన్ని పసిగట్టే అలారం లేదు. బ్రిటన్ కాలువల్లో, మనుషులు ఉండే పడవలకు 2019 ఏప్రిల్ నుంచి ఆ అలారం తప్పనిసరి చేశారు. మన తీరంలో చలిమంట అవసరం లేకపోవచ్చు. కానీ వాయుగుండం పట్టినప్పుడు వానకు తలుపులు బిగించి లోపల కుంపటి రాజేస్తే అదే గది, అదే 28.

ఇక సరంగు తుప్పు భయం. అదీ న్యాయమైనదే. ఆ కాలువ పడవలవాళ్ళు దీనికో ఉపాయం చేశారు. సిలిండర్‌ను పైన మూత ఉన్న పెట్టెలో నిలబెడతారు. పెట్టె గోడలకు ఎక్కడా చిల్లు ఉండదు, అడుగున మాత్రం తూము ఉంటుంది. ఆ తూము నీటిమట్టానికి పైన, పడవ బయటికి తెరుచుకుంటుంది. వాన, ఉప్పుగాలి సిలిండర్‌ను నేరుగా తాకవు. కారిన గ్యాసు తన బరువుతో తానే సముద్రంలోకి జారిపోతుంది. గిన్నెలో గిన్నె పెట్టి, లోపలి గిన్నెకు కావాలనే చిల్లు పొడిచారన్నమాట. తమ్ముడూ, వేరావల్‌లో ఏ వెల్డింగ్ షాపువాడైనా ఒక పూటలో చేసిస్తాడు. వంట అయ్యాక పొయ్యి మీట ఒక్కటీ కాదు, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కూడా కట్టెయ్యి.

ఇంత చేసినా ఎప్పుడైనా అడుగున వాసన తగిలితే, ముందు సిలిండర్ కట్టేసి, స్విచ్చి, బీడీ ఏదీ ముట్టుకోకుండా అందరూ పైకి వచ్చి మూతలన్నీ తెరవండి. గాలి ఆడాక నీళ్ళు తోడే చేతి పంపు గొట్టాన్ని అడుగుదాకా దింపి, కొస సముద్రం వైపు పెట్టి, పైనుంచే కొట్టండి. నీళ్ళు రావు. పక్క బోటువాళ్ళు చూసి, ఒట్టి పంపు ఎందుకురా కొడుతున్నావని నవ్వుతారు. కొడుతూనే ఉండు.