చంద్రుడి మీద కట్టిన మీగడ

కాలేజీ విద్యార్థులకు గ్రహ విజ్ఞానం గురించి చెప్పమని ఎవరైనా పిలిస్తే నేను రాకెట్ బొమ్మలు పట్టుకెళ్ళను. అరచేతిలో ఇమిడే నల్లరాతి ముక్క ఒకటి తీసుకెళ్తాను. ప్రకాశం జిల్లా చీమకుర్తి రాయి అది. మెరుగు పెట్టిన వైపు కిటికీ వెలుగుకు పట్టి కాస్త వాలిస్తే నలుపులో రాగి రంగు చుక్కలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఇంకాస్త వాలిస్తే ఆరిపోతాయి. వ్యాపారులు దాన్ని గెలాక్సీ అని పిలిచేది ఈ చుక్కల వల్లే. వంటింటి గట్ల మీద, బ్యాంకుల మెట్ల మీద మనం రోజూ చూసే రాయే.

బజారులో దీన్ని గ్రానైట్ అంటారు గానీ భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతికి చెందిన రాయి. నేల అడుగున శిలాద్రవం నింపాదిగా చల్లారుతుంటే ఖనిజాలు ఒక్కొక్కటిగా స్ఫటికాలు కట్టి తయారైంది. మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం. దానికి తోడుగా ఉన్న ప్రధాన ఖనిజం ప్లేజియోక్లేజ్. కాల్షియం, సోడియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసిన ఒక ఫెల్‌స్పార్ అది. ఈ పేరు గుర్తుపెట్టుకోమని పిల్లలతో చెబుతాను. ఎందుకంటే పున్నమి చంద్రుడిలో తెల్లగా కనిపించే మేరంతా చాలామటుకు ఈ ఖనిజమే.

చంద్రుణ్ణి మనవాళ్ళు శశాంకుడన్నారు, ఒడిలో కుందేలు ఉన్నవాడని. ఆ కుందేలు ఆకారంలో కనిపించే నల్లమచ్చలు గడ్డకట్టిన లావా మైదానాలు. 1969 జులైలో అపోలో 11 దిగింది అటువంటి మైదానంలోనే. అక్కడి నుంచి తెచ్చిన మట్టిలో ఎక్కువ భాగం నల్లటి బసాల్ట్ రేణువులు. అయితే వాటి మధ్య అక్కడక్కడా తెల్లటి పలుకులు, కొన్ని మిల్లీమీటర్లకు మించనివి, కనిపించాయి. అమెరికాలో జాన్ వుడ్ బృందం వాటిని ఏరి పరీక్షించింది. అవి అనార్థసైట్ ముక్కలు, అంటే దాదాపు పూర్తిగా ప్లేజియోక్లేజ్‌తోనే కట్టిన రాయి. నల్ల మైదానంలోకి తెల్ల పలుకులు ఎలా వచ్చాయి? దూరంగా ఉన్న ఎత్తైన తెల్లటి ప్రాంతాల మీద ఉల్కలు పడినప్పుడు ఎగిరివచ్చి ఉండాలి. అలాగైతే ఆ ఎత్తైన ప్రాంతాలన్నీ ఈ రాయే అయి ఉండాలి. అంత రాయి ఒకే ఖనిజంతో పేరుకోవాలంటే, చంద్రుడు పుట్టిన కొత్తలో వందల కిలోమీటర్ల లోతున కరిగి ఉండాలి. 1970 జనవరిలో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో వాళ్ళు చెప్పింది ఇదే. గుప్పెడు మట్టిలోని పలుకుల నుంచి ఒక గోళమంతటి శిలాద్రవ సముద్రాన్ని ఊహించారు. విజ్ఞాన చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టాల్లో ఇదొకటి.

ఆ సముద్రం చల్లారే తీరు తెలుసుకోవడానికి పాలు కాచిన గిన్నె చూస్తే చాలు. తేలికైనది పైకి తేలి మీగడ కడుతుంది. శిలాద్రవంలో ముందుగా స్ఫటికాలు కట్టిన ఆలివిన్, పైరాక్సీన్ వంటి బరువైన ఖనిజాలు అడుగుకు దిగాయి. ఆ తర్వాత పుట్టిన ప్లేజియోక్లేజ్ ద్రవం కంటే తేలిక కాబట్టి పైకి తేలింది. అలా కట్టిన తెల్లటి మీగడే చంద్రుడి పైపొర. భూమి మీద ఇలాంటి పొర మిగలలేదు. చంద్రుడు చిన్నవాడు కాబట్టి లోపలి ఒత్తిడి తక్కువ, నీరు కూడా చాలా తక్కువ. ప్లేజియోక్లేజ్ పెద్ద ఎత్తున పుట్టి తేలడానికి ఆ రెండూ కలిసివచ్చాయి. భూమి సంగతి వేరు. ఒకవేళ తొలి పైపొర ఏదైనా ఏర్పడినా వాన, గాలి, కదిలే ఫలకాలు దాన్ని అరగదీసి మింగేశాయి. ఇక్కడ దొరికిన అతి పాత ఆనవాళ్ళు ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో దొరికిన జిర్కాన్ అనే ఖనిజపు రేణువులు, సుమారు 440 కోట్ల ఏళ్ళవి. అందుకే భూమి బాల్యం గురించి అడగాలంటే చంద్రుడి దగ్గరికి వెళ్ళాలి.

1971లో అపోలో 15 వ్యోమగాములు స్కాట్, ఇర్విన్ పెద్ద అనార్థసైట్ ముక్కను తెచ్చారు. ఇద్దరూ వైమానిక దళం పైలట్లు. భూగర్భ శాస్త్రజ్ఞుడు లీ సిల్వర్ వాళ్ళను కాలిఫోర్నియా కొండల్లో తిప్పి రాళ్ళు చదవడం నేర్పాడు. చంద్రుడి మీద దుమ్ముగడ్డ మీద కూర్చున్న తెల్లటి రాయి కనబడగానే అది ఏమిటో వాళ్ళు అక్కడికక్కడే గుర్తుపట్టారు. 270 గ్రాముల లోపు బరువుండే ఆ రాయికి తర్వాత జెనెసిస్ రాక్ అని పేరు వచ్చింది. భూగర్భ శాస్త్రం చదివే పిల్లల కోసం ఈ సంగతి ప్రత్యేకంగా చెబుతాను.

రసాయన శాస్త్రం పిల్లల కోసం చెప్పేది యూరోపియం అనే మూలకం కథ. ల్యాంథనైడ్లు అనే మూలకాల వరుస గురించిన పాఠంలో అన్నిటికీ +3 ఆక్సీకరణ స్థితి అని చదువుతూ, యూరోపియం సులువుగా +2లోకి కూడా వస్తుందని ఒక వాక్యం రాసుకుని మార్కుల కోసం దాటిపోతాం. చంద్రుడి మీద ఆ వాక్యమే సాక్ష్యం చెప్పింది. +2 స్థితిలో ఉన్న యూరోపియం, కాల్షియం స్థానంలో ప్లేజియోక్లేజ్‌లో ఇమిడిపోతుంది. మిగతా ల్యాంథనైడ్లకు అక్కడ అంత సులువుగా చోటు దొరకదు. కాబట్టి ప్లేజియోక్లేజ్ తేలిపోతూ యూరోపియాన్ని తనతో పైకి పట్టుకెళ్ళింది. తెల్ల రాళ్ళలో అది ఎక్కువగా ఉంది. చాలా కాలం తర్వాత అడుగు పొరలు మళ్ళీ కరిగి పైకి ఉబికిన నల్ల బసాల్ట్‌లలో సరిగ్గా అదే మూలకానికి కొరత ఉంది. పైన ఎక్కువైనదీ కింద తక్కువైనదీ ఒకే మూలకం. ఈ లెక్క తెలిసినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

అయితే ఒక సందేహం మిగిలింది. అపోలో నౌకలు, సోవియట్ లూనా నౌకలు మట్టి తెచ్చిన చోట్లన్నీ మధ్యరేఖకు మరీ దూరం కాని ప్రాంతాలు. మీగడ చంద్రుడంతటా కట్టిందని చెప్పాలంటే దూరంగా ఉన్న చోట నేలను తాకి చూడాలి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 ఆ పని చేసింది. ఆగస్టు 23న దాని ల్యాండర్ విక్రమ్ దక్షిణాన సుమారు 69 డిగ్రీల అక్షాంశం దగ్గర దిగింది. ఆ సాయంత్రం దేశమంతా చప్పట్లు కొట్టింది. విజ్ఞానం మాత్రం ఆ తర్వాతి రోజుల్లో, ఆరు చక్రాల రోవర్ ప్రజ్ఞాన్ అంగుళం అంగుళం కదులుతుంటే జరిగింది.

ప్రజ్ఞాన్ సుమారు 100 మీటర్లు నడిచి, దారి పొడవునా 23 చోట్ల ఆగి ఒక పరికరాన్ని నేల దగ్గరికి దించింది. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీలో తయారైన ఆ పరికరంలో క్యూరియం-244 ఉంటుంది. దాని నుంచి వెలువడే ఆల్ఫా కణాలు, ఎక్స్ కిరణాలు మట్టిలోని పరమాణువులను తాకితే, ఒక్కో మూలకం తనకే చెందిన శక్తితో ఎక్స్ కిరణాలను తిరిగి వెలువరిస్తుంది. ఆ శక్తికీ పరమాణు సంఖ్యకూ ఉన్న సంబంధాన్ని హెన్రీ మోస్లే 1913లోనే రాబట్టాడు. డిగ్రీ భౌతిక శాస్త్రంలో మోస్లే నియమం అని చదివేది ఇదే.

2024 ఆగస్టులో వెలువడిన ఫలితాల ప్రకారం ఆ మట్టి ప్రధానంగా అనార్థసైట్ కూర్పుతో, నడిచిన మేరంతా ఇంచుమించు ఒకేలా ఉంది. మీగడ అక్కడిదాకా కట్టిందన్నమాట. కానీ మెగ్నీషియం ఉన్న ఖనిజాలు అనుకున్నదానికంటే ఎక్కువ తేలాయి. అక్కడికి సుమారు 350 కిలోమీటర్ల దూరంలో దక్షిణ ధ్రువం-ఐట్‌కెన్ అనే బ్రహ్మాండమైన గుంట అంచు ఉంది. దాని వెడల్పు దాదాపు 2,500 కిలోమీటర్లు. 400 కోట్ల ఏళ్ళకు పూర్వం ఏదో పెద్ద శకలం ఢీకొని ఆ గుంట పడినప్పుడు, లోపలి పొరల సరుకు పైకి చిమ్మి ఇక్కడిదాకా వచ్చి కలిసి ఉంటుందని పరిశోధకుల అంచనా. మీగడ కింద ఏముందో తవ్వకుండానే కొంత రుచి చూపించింది ఆ దెబ్బ.

కుజుడి మీద నదుల ఆనవాళ్ళు, శని ఉపగ్రహం టైటాన్ మీద మీథేన్ సరస్సులు, ర్యుగు అనే గ్రహశకలం నుంచి జపాన్ తెచ్చిన 5.4 గ్రాముల మట్టి, ఒక్కొక్కటీ ఇలాంటి కథే. వాటన్నిటినీ ఒక గంటలో చుట్టేయడం నాకు ఇష్టం ఉండదు. ఒక ప్రశ్నను లోతుగా పట్టుకుంటే మిగతావాటికి దారి అదే దొరుకుతుంది.

నేను ఏ కోర్సులో చేరాలి అని చివర్లో అడుగుతారు. భూగర్భ శాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం, కంప్యూటర్, ఏ దారిలో ఉన్నా లోపలికి రావచ్చు. అంతవరకూ ఆగక్కరలేదు కూడా. చంద్రయాన్ పరికరాలు పంపిన సమాచారాన్ని ఇస్రో ప్రదాన్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంచింది. పేరు నమోదు చేసుకుని, మామూలు ల్యాప్‌టాప్‌లో తెరిచి, ప్రజ్ఞాన్ చూసిన మట్టి వర్ణపటాన్ని మీరే గీసి చూసుకోవచ్చు. చంద్రుడి నుంచి మట్టి తెచ్చే చంద్రయాన్-4కు 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఆ మట్టి వచ్చేసరికి దాన్ని పరీక్షించే చేతుల్లో ఇప్పుడు డిగ్రీ చదివేవాళ్ళవి కూడా ఉండాలని నా ఆశ.

వీలున్న చోట ఇంకొక పని చేస్తాను. అనార్థసైట్ మన దగ్గరా ఉంది, ఖమ్మం జిల్లా చీమలపహాడ్ ప్రాంతంలో. ఆ రాయిని 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి గాజుపలక మీద అంటించి నా దగ్గర పెట్టుకున్నాను. దాన్ని పోలరైజర్లు, అంటే ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే పోనిచ్చే పలకలు, ఉన్న మైక్రోస్కోపు కింద పెట్టి ఒక్కొక్కరినీ చూడమంటాను. ప్లేజియోక్లేజ్ స్ఫటికాలు సన్నటి నలుపు తెలుపు చారలతో కనిపిస్తాయి. పలకను తిప్పుతుంటే నల్ల చారలు తెల్లబడతాయి, తెల్లవి నల్లబడతాయి. పక్కనే కంప్యూటర్ తెర మీద అపోలో తెచ్చిన అనార్థసైట్ పలక ఫోటో ఉంచుతాను. ఏది ఎక్కడిదో చెప్పకుండా అడుగుతాను, ఖమ్మంది ఏది అని. చాలాసార్లు తప్పు చెబుతారు. ఆ తర్వాత మళ్ళీ వరుసలో నిలబడతారు, ఇంకొకసారి చూస్తామని.